తిరిగే సొమ్ము, నిలిచే సొమ్ము



నయాపూల్ మీదుగా మూసీ దాటి, మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ వైపు నేరుగా నడిస్తే, చార్‌కమాన్ వచ్చేదాకా రోడ్డుకు అటూ ఇటూ రాతి కట్టడం ఉంటుంది. కింద వరసగా కమానులు, వాటి వెనక నడవా, నడవా వెనక దుకాణాలు, పైన మేడ. అదే పత్తర్‌గట్టి. పట్టుచీరలు, షేర్వానీలు, ఖడా దుపట్టాలు, ముత్యాలు, అత్తర్లు. పెళ్లి కుదిరిన ఇంటివాళ్లు ఏ జిల్లా నుంచి నగరానికి వచ్చినా ఒకసారి ఇటు తొంగిచూడకుండా పోరు. రంజాన్ నెల వస్తే సహరీ వేళ దాకా షట్టర్లు పడవు. ఇంత సందడిలో తలెత్తి ఆ రాయిని చూసేవాళ్లు తక్కువ. చూద్దామన్నా బోర్డులూ ఫ్లెక్సీలూ కరెంటు తీగలూ చూడనివ్వవు, అది వేరే సంగతి.

ఈవేళ ఆ రాయి గురించే మాట్లాడదామనుకుంటున్నాను. మూలధన కల్పన, స్థిర పెట్టుబడి, వృద్ధి రేటు అని పేపర్లో వార్త వస్తే మనలో చాలామందిమి పేజీ తిప్పేస్తాం. పత్తర్‌గట్టిలో నిలబడి చూస్తే అందులో అంతుపట్టని బ్రహ్మవిద్య ఏమీ కనిపించదు. ఇక్కడ రెండు రకాల సొమ్ము పక్కపక్కనే ఉంది.

ఒకటి దుకాణం లోపల ఉంటుంది. సూరత్ నుంచో బనారస్ నుంచో సరుకు ఉద్దెర మీద వస్తుంది. రెండు మూడు నెలల్లో డబ్బు కట్టెయ్యాలి. ఈలోగా రంజానో, పెళ్లిళ్ల సీజనో రావాలి, గిరాకీ రావాలి, అమ్ముడుపోవాలి. గల్లాలో పడ్డ డబ్బు గల్లాలో ఉండదు, పాత బాకీకి పోతుంది, కొత్త సరుకు దిగుతుంది. ఇది తిరిగే సొమ్ము. ఎంత వేగంగా తిరిగితే అంత లాభం. ఏ సేఠ్‌ను ఎప్పుడు పలకరించినా ‘పైసా రొటేషన్‌లో ఉంది భాయ్’ అంటాడు. అబద్ధం కాదు, నిజంగానే అక్కడుంటుంది.

రెండోది దుకాణం బయట, కమానుల రూపంలో నిలబడి ఉంది. ఆ రాయి కొట్టించి, తెప్పించి, పేర్పించిన సొమ్ము ఆ సీజన్‌లో తిరిగి రాలేదు. ఆ దశాబ్దంలోనూ రాలేదు. కానీ దాని నీడన మూడు నాలుగు తరాలు వ్యాపారం చేసుకున్నాయి. ఇది నిలిచే సొమ్ము. బీద దేశం ఒకటి బాగుపడింది అంటే, తిరిగే సొమ్ములో నుంచి కొంత తీసి నిలిచే సొమ్ముగా మార్చడం ఏటేటా చేసుకుంటూ పోయిందని అర్థం. ఒక ఏడు చేసి మానేస్తే లాభం లేదు.

మన నగరంలో ఈ మార్పు తేలిగ్గా జరగలేదు. రెండు వందల ఏళ్ల వెనక్కి వెళ్తే విలియం పామర్ అండ్ కంపెనీ అనే సంస్థ ఇక్కడ నిజాం సర్కారుకు అప్పులిచ్చేది. పామర్ తండ్రి ఇంగ్లీషు సైనికాధికారి, తల్లి మన దేశపు కులీన మహిళ. వడ్డీ ఏడాదికి నూటికి ఇరవై నాలుగు, ఇరవై అయిదు దాకా ఉండేది. ఆ అప్పు దేనికి? ప్రధానంగా సైన్యం జీతాలకు. జీతం ఇచ్చిన నెల గడిస్తే మళ్లీ జీతం. చెరువు తవ్వింది లేదు, రోడ్డు వేసింది లేదు. చివరికి 1823లో ఆ బాకీ తీర్చడానికి నిజాం, ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ తనకు ఏటా కట్టే పేష్కషును శాశ్వతంగా వదులుకున్నాడు. ఉత్తర సర్కారులంటే మన కోస్తా జిల్లాలే కదా. ఏడాదికేడాది వచ్చే రాబడిని అమ్మి, ఎప్పుడో తిని అరిగిన అన్నానికి చెల్లింపు చేశారన్నమాట. మరుసటి ఏడు పామర్ కంపెనీ కూడా దివాలా తీసింది. అప్పు తప్పని చెప్పడం లేదు నేను. అప్పు తీసుకుని దేన్ని నిలబెట్టారన్నది అడగవలసిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు నగరం సరైన జవాబు చెప్పుకోవడానికి ఒక ఉపద్రవం రావలసి వచ్చింది. 1908 సెప్టెంబరు 28. మూసీ వరద. వేలాది మంది కొట్టుకుపోయారు, చనిపోయినవాళ్లు పదిహేను వేల దాకా ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజ్ ప్రాంతమంతా తుడిచిపెట్టుకుపోయింది. మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నది మీద ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలన్నాడు ఆయన. దాంతోబాటు నగరానికి మురుగు కాల్వల ఏర్పాటు సూచించాడు. 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది, ఆరాయిష్-ఎ-బల్దా అని అప్పటివాళ్లు పిలిచేవారు. ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది, హిమాయత్‌సాగర్ 1927లో. మండలి ఇరుకు బస్తీలు తొలగించింది, రోడ్లు వెడల్పు చేసింది, ఇళ్లు కట్టింది. అఫ్జల్‌గంజ్ నుంచి చార్మినార్‌కు పోయే రాజమార్గాన్ని వెడల్పు చేసి, దాని వెంబడి రాతి కమానుల దుకాణాలు లేపింది. మనం చెప్పుకునే పత్తర్‌గట్టి ఈ పనుల్లో ఒక భాగం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ దుకాణాలు వ్యాపారులు ఎవరికి వాళ్లు కట్టుకున్నవి కావు. కట్టుకుని ఉంటే ఇంత ఒద్దికగా ఒకే ఎత్తున, ఒకే తీరున ఉండేవా? ఒక్కో వ్యాపారి దృష్టి వచ్చే సీజన్ దాకానే పోతుంది, అది అతని తప్పు కాదు, ఉద్దెర గడువు అంతే. వందేళ్ల దృష్టితో ఖర్చు పెట్టగలిగినది సర్కారు. ముందు సర్కారు రోడ్డు, డ్రైనేజీ, నీళ్లు, నడవా ఏర్పాటు చేసింది, వెనక వ్యాపారి వచ్చి సరుకు దింపాడు. ప్రభుత్వం పెట్టుబడి పెడితే ప్రైవేటు వాడికి చోటుండదని కొందరంటారు. ప్రభుత్వం చీరలమ్మడం మొదలుపెడితే ఆ మాట నిజమే. కమాను కట్టినప్పుడు కాదు.

సర్కారుకు మాత్రం అంత దీర్ఘకాలం ఖర్చు పెట్టే స్థోమత ఎక్కడిది? 1920లలో ఆర్థిక శాఖ చూసిన అక్బర్ హైదరీ చేసిన ఏర్పాటు చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పెద్దది. ఒక్కో శాఖకు కొన్నేళ్లకు కలిపి ఇంత అని ముందే ఖాయం చేశాడు. మిగులు ఉంటే దాన్ని విందులకూ బిరుదులకూ పోనివ్వకుండా నిల్వ నిధుల్లోకి మళ్లించాడు. ఆ బలంతోనే 1930లో నిజాం రాజ్యపు రైల్వేను సర్కారు కొనేసింది. అంతకుముందు ఆ రైల్వే లండన్‌లో వాటాలు అమ్మిన కంపెనీ చేతిలో ఉండేది. వాటాదార్లకు వడ్డీ గ్యారంటీ ఇచ్చింది నిజాం ఖజానా. అంటే రైలు మనది, నష్టభయం మనది, వడ్డీ మాత్రం ఓడెక్కి పోయేది. 1929లో కోటి రూపాయలతో పారిశ్రామిక ట్రస్టు నిధి పెట్టారు. వరంగల్ ఆజంజాహి మిల్లు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ, సిర్పూర్ కాగితం మిల్లు, వీటి వెనక ఆ నిధి వాటా ఉంది. ఇదంతా రాచరికపు పాలన, జవాబుదారీ లేని పాలన. పల్లెల్లో వెట్టిచాకిరీ నడుస్తూండగానే ఈ రాళ్లు లేచాయి. ఖజానాకు డబ్బు వచ్చిందే ఆ పల్లెల నుంచి. ఆ బాకీ ఎవరికి ఎంత తీరిందన్నది వేరే ప్రసంగం అవుతుంది.

అయితే వ్యాపారి దగ్గరా, రైతు దగ్గరా మిగిలిన డబ్బు సంగతేమిటి? సర్కారు ఖజానా ఒక్కటే దేశం కాదు కదా. ఆ డబ్బును పోగుచేసి దీర్ఘకాలానికి అప్పివ్వాలంటే బ్యాంకు కావాలి. కృష్ణా గోదావరి డెల్టాల్లో వరి మిగులుతో చేతిలో నాలుగు డబ్బులు ఆడాక, బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లోనే ఆంధ్రా బ్యాంకు పెట్టాడు. హైదరాబాద్ స్టేట్ బ్యాంకు మాత్రం 1942లో గానీ పని మొదలుపెట్టలేదు. అప్పటిదాకా ఇక్కడి మిగులులో చాలా భాగం షావుకార్ల దగ్గరో, బంగారం రూపంలోనో ఉండేది.

బంగారం మాట వచ్చింది కాబట్టి, పత్తర్‌గట్టి నుంచి నాలుగడుగులు వేసి చార్‌కమాన్ దగ్గరికి వెళ్దాం. అక్కడ మనింటి ఆడవాళ్లు కొనే గొలుసు మన దేశపు లెక్కల్లో ఎక్కడ పడుతుందో తెలుసా? జాతీయ ఆదాయం లెక్కగట్టేవాళ్లు పెట్టుబడిని మూడు పద్దుల్లో రాస్తారు. కట్టడాలూ యంత్రాలూ ఒక పద్దు. గోదాముల్లో పెరిగిన నిల్వ సరుకు ఒక పద్దు. విలువైన వస్తువులు, అంటే బంగారం, రత్నాల్లాంటివి ఇంకో పద్దు. కాబట్టి గొలుసు కొంటే పెట్టుబడి పెరిగినట్టే, కాగితం మీద. కానీ గొలుసు బీరువాలో ఉండి దేన్నీ తయారు చెయ్యదు. దేశం పెట్టుబడి పెరిగిందన్న వార్త చూసినప్పుడు, ఏ పద్దులో పెరిగిందని అడగడం మంచిది.

ఆర్థర్ లూయిస్ అనే ఆర్థికవేత్త ఉండేవాడు. కరేబియన్‌లో సెయింట్ లూసియా అనే చిన్న దీవిలో పుట్టినవాడు, 1979లో నోబెల్ అందుకున్నాడు. 1954లో రాసిన వ్యాసంలో ఆయన లేవనెత్తిన విషయం ఇది. ఆదాయంలో నాలుగైదు శాతం మాత్రమే పొదుపు చేసే సమాజం పన్నెండు పదిహేను శాతం పొదుపు చేసే సమాజంగా ఎలా మారుతుంది? అది తెలిస్తే అభివృద్ధి గుట్టు తెలిసినట్టే అన్నాడు. మన దేశం అప్పుడు సరిగ్గా ఆ గడప మీదే ఉంది. 1950ల మొదట్లో దేశాదాయంలో దాదాపు పదో వంతు మాత్రం పెట్టుబడిగా మారేది. 1956లో మొదలైన రెండో పంచవర్ష ప్రణాళికలో గణాంకవేత్త మహలనోబిస్ భారీ పరిశ్రమలకు పెద్దపీట వేశాడు. 2007-08 నాటికి దేశాదాయంలో పెట్టుబడి వాటా మూడో వంతు దాటింది. తర్వాత కొంత జారింది. యాభై ఏళ్ల పైచిలుకు పట్టింది మూడు రెట్లు కావడానికి. నెమ్మదిగానే, కానీ ఎక్కువ భాగం మన సొంత పొదుపుతోనే.

దాని ఫలం కళ్లారా చూడాలంటే బాలానగర్ వెళ్లాలి. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ మందుల ఫ్యాక్టరీ అక్కడ పెట్టింది. ఆ సంస్థ తర్వాత ఖాయిలా పడింది, షెడ్లు పాడుబడ్డాయి. లెక్కల పుస్తకంలో చూస్తే నష్టం. కానీ అక్కడ పనిచేసి బయటికి వచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించాడు. ఆయన వెనకా ముందూ ఎందరో రసాయన శాస్త్రజ్ఞులు అక్కడ చేయి తిరిగినవాళ్లే. నగరం చుట్టూ ఈరోజు మందుల పరిశ్రమ ఇంత ఉందంటే అక్కడ పడిన విత్తనం ఒకటుంది. యంత్రం తుప్పు పట్టినా, ఆ యంత్రం మీద నేర్చుకున్న పని తుప్పు పట్టలేదు.

తిరిగి పాతబస్తీకి వద్దాం. మదీనా చౌరస్తా అన్నానే, అక్కడి మదీనా బిల్డింగ్‌కో విచిత్రమైన చరిత్ర ఉంది. అది వక్ఫ్ ఆస్తి. అక్కడి దుకాణాల కిరాయిలు ఒకప్పుడు అరబ్బు దేశంలోని మదీనా నగరంలో ఉండే పేదల కోసం పంపేవారు. పేరు అందుకే వచ్చింది. అప్పటికి అక్కడ చమురు సంపద లేదు, మన దగ్గరి నుంచి దానం పోయేది. 1973 తర్వాత చమురు ధర ఎగబాకింది, కథ అడ్డం తిరిగింది. పాతబస్తీ కుర్రవాళ్లు జెడ్డాకూ, రియాద్‌కూ, దుబాయ్‌కూ డ్రైవర్లుగా, ఎలక్ట్రీషియన్లుగా, దుకాణాల్లో గుమాస్తాలుగా బయల్దేరారు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి మన రైతుబిడ్డలూ వెళ్లారు. అటు నుంచి డ్రాఫ్టులు రావడం మొదలైంది. ఆ డబ్బు ఏమైంది? ఇల్లు లేచింది. చెల్లెలి పెళ్లి జరిగింది. పెళ్లికి బట్టలు పత్తర్‌గట్టిలో, నగలు చార్‌కమాన్‌లో. పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చేరారు. ఇందులో ఇల్లు నిలిచే సొమ్మే. పిల్లల చదువు అంతకన్నా నిలిచే సొమ్మని నా నమ్మకం, లెక్కల్లో దాన్ని ఖర్చు కింద రాసినా సరే. అయితే ఫ్యాక్టరీలుగా, వర్క్‌షాపులుగా మారింది మాత్రం కొద్ది. దానికి ఆ కుర్రవాళ్లను తప్పు పట్టలేం. ఎడారి ఎండలో సంపాదించినవాడు ఆ డబ్బు ఎక్కడ పెడితే మునగదో అని ముందు చూస్తాడు.

ఈ సంగతులన్నీ ఒక బట్టల సేఠ్ దుకాణంలో కూర్చుని మాట్లాడుకున్నాం. పత్తర్‌గట్టి వెనక సందులో, ఒక పాత బిల్డింగులో ఉంది దుకాణం. తాతల నాటిది. గోడకు పెచ్చు ఊడి ఇనుప దూలం కనిపిస్తోంది. రిపేరు చేయించకూడదా సేఠ్‌సాబ్ అన్నాను. ‘నేనెందుకు చేయిస్తా భాయ్? బిల్డింగ్ నాది కాదు’ అన్నాడు. మరి ఓనర్? ‘ఆయనకొచ్చే కిరాయి ఎంత? నెల కిరాయి మా ఇద్దరికి బిర్యానీకి చాలదు. ఆయనెందుకు చేయిస్తాడు?’ అని నవ్వాడు.

దీన్నే పగిడీ పద్ధతి అంటారు. చేరేటప్పుడు పెద్ద మొత్తం ఒకసారి ఇచ్చేస్తారు, ఆ తర్వాత కిరాయి నామమాత్రం. తాత ఇచ్చిన పగిడీ మీద మనవడు కూర్చుంటాడు. ఖాళీ చేయాలంటే ఇంకొకరి దగ్గర పగిడీ పుచ్చుకుని పోతాడు. 1960 నాటి అద్దెల నియంత్రణ చట్టం కిరాయిదారుకు రక్షణ ఇచ్చింది, ఆ రక్షణ అవసరమే. కానీ కాలం గడిచేకొద్దీ బిల్డింగుకు ఇద్దరు యజమానులైనట్టు, అసలు ఎవరూ కానట్టు తయారైంది. కట్టిన ప్రతి వస్తువూ ఏటా కొంత అరుగుతుంది. లెక్కల్లో దాన్ని తరుగుదల అంటారు. కొత్తగా పెట్టిన పెట్టుబడిలోంచి ఈ తరుగుదల తీసేస్తే మిగిలేదే నికరం. పేపర్లలో వచ్చే అంకె ఆ తీసివేత చెయ్యనిది. ఒకపక్క కొత్త ఫ్లైఓవర్లు లేస్తూ, ఇంకోపక్క పాత డ్రైనేజీ కూలుతుంటే నికరంగా మనం ఎంత కూడబెట్టామో ఆ అంకె చెప్పదు. పత్తర్‌గట్టిలో కట్టింది రాయి కాబట్టి ఇన్నాళ్లు ఓర్చుకుంది. వెనక సందుల్లో సున్నం ఇటుక అంత ఓర్చదు.

ఈమధ్య సర్కార్లు మళ్లీ దీర్ఘకాలపు సొమ్ము గురించి ఆలోచిస్తున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కేంద్ర బడ్జెట్‌లో మూలధన వ్యయం 2024-25కి 11 లక్షల 11 వేల కోట్ల రూపాయలుగా చూపారు. రాష్ట్రాలకు యాభై ఏళ్ల గడువుతో వడ్డీ లేని అప్పులిచ్చే పద్ధతి 2020-21 నుంచి నడుస్తోంది. యాభై ఏళ్లు! బనారస్ సరుకుకు మూడు నెలల గడువు దొరికితే పొంగిపోయే మన సేఠ్ ఈ మాట వింటే ఏమంటాడో. పాతబస్తీకి మెట్రో కూడా చాలా ఏళ్లు కాగితం మీదే ఉండి, 2024 మార్చిలో ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన దాకా వచ్చింది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకు ఏడున్నర కిలోమీటర్లు, పత్తర్‌గట్టికి తూర్పున దారుల్‌షిఫా, పురానీ హవేలీ మీదుగా పోతుంది. నగరంలో మొదటి మెట్రో రైలు 2017లోనే మియాపూర్ వైపు నడిచింది. పెట్టుబడి ముందే ఉన్న చోటికే మళ్లీ పెట్టుబడి పోతుంది, దాన్ని ఇటు తిప్పాలంటే ఎవరో ఒకరు గట్టిగా పూనుకోవాలి.

సేఠ్ కొడుకు ఎంబ్రాయిడరీ మెషిన్ కొనాలనుకున్నాడు. కంప్యూటర్‌లో డిజైన్ పెడితే ఒకేసారి పది పన్నెండు సూదులు కుట్టే రకం. మగ్గం పని చేసే కారీగర్లు దొరకడం కష్టమైపోతోంది, పెళ్లి ఆర్డర్లు మాత్రం ఆగవు. మెషిన్ పడితే అమ్మే దుకాణం కాస్తా తయారుచేసే దుకాణం కూడా అవుతుంది. బ్యాంకుకు వెళ్లాడు. తాకట్టుకు ఏముందన్నారు. దుకాణం ఉందన్నాడు. కాగితాలు చూపమన్నారు. పగిడీకి కాగితమేముంటుంది? లక్షలు పలికే హక్కు, సందులో అందరూ ఒప్పుకునే హక్కు, బ్యాంకు మేనేజరు బల్ల మీద పెట్టడానికి మాత్రం చేతిలో ఏమీ లేదు. పెరూ దేశపు ఆర్థికవేత్త ఎర్నాండో డి సోటో ఇలాంటి ఆస్తినే చచ్చిపడి ఉన్న పెట్టుబడి అన్నాడు. లీమా బస్తీలను చూసి అన్నాడు గానీ ఇక్కడికి వచ్చినా అదే అనేవాడు.

చివరికి ఇంట్లో ఆడవాళ్లు నగలు తీసిచ్చారు. చార్‌కమాన్‌లో ఏళ్ల తరబడి కొన్న గొలుసులూ గాజులూ తాకట్టు పెట్టి మెషిన్ తెచ్చారు. లెక్కల భాషలో చెప్పాలంటే విలువైన వస్తువుల పద్దు ఆసరాగా యంత్రాల పద్దు పెరిగింది. మెషిన్ బాగానే నడుస్తోంది. ఇద్దరు కుర్రవాళ్లు డిజైనింగ్ నేర్చుకుంటున్నారు. చిక్కల్లా గడువు దగ్గరే వచ్చింది. మెషిన్ పదేళ్లు పనిచేస్తుంది, బంగారం మీద అప్పు ఏడాదికే ఇచ్చారు. అందుకని సేఠ్ ఏటా రంజాన్ అమ్మకాలు అయ్యాక ముందు సూరత్ బాకీ కట్టి, మిగిలినదాంట్లో బంగారం వడ్డీ కట్టి, అసలును ఇంకో ఏడాదికి రాయించుకుంటున్నాడు.